శాచురేషన్ 97 ఉందని ధీమాగా ఉండకండి

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) ఉంది. పోయిన నెల ఆయాసం ఎక్కువైతే ఐసీయూలో బైపాప్ పెట్టారు, దాంతో తగ్గకపోతే వెంటిలేటర్ తప్పదన్నారు. రెండింటికీ తేడా ఏంటి? వెంటిలేటర్ పెడితే మనిషి తిరిగి రాడంటారు, నిజమేనా? ఇప్పుడు ఇంట్లో, కోవిడ్ టైంలో కొన్న కాన్‌సన్‌ట్రేటర్‌ని (గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే మెషీన్) నిమిషానికి 5 లీటర్లలో పెడుతున్నాం, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 97 ఉంటోంది. పొద్దున్నే తలనొప్పి అంటున్నారు, పగలంతా మగతగానే ఉంటున్నారు.
- ఒక పాఠకుడు, మోతీనగర్

జవాబు: మీరు అడిగింది వెంటిలేటర్ గురించే గానీ, నాకు టెన్షన్ పెట్టింది ఆ చివరి రెండు వాక్యాలు. 5 లీటర్లు పెట్టమని ఎవరు చెప్పారు? సీఓపీడీ ఉన్నవాళ్లలో చాలామందికి శాచురేషన్ 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. అంతకు మించి ఆక్సిజన్ ఎక్కిస్తే కొందరికి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది, తలనొప్పి, మగత దాని లక్షణాలే కావచ్చు. వేలికి పెట్టే ఆక్సీమీటర్ దాన్ని చూపించదు, మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి చేసే ఏబీజీ పరీక్షలోనే తెలుస్తుంది. చూడకుండా ఇదేనని నేను తేల్చి చెప్పలేను కాబట్టి ఈరోజే తీసుకెళ్లండి, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి మీకు పక్కనే. లేపినా సరిగా లేవకపోతే మాత్రం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. అలాగని భయపడి ఆక్సిజన్ ఒక్కసారిగా ఆపేయకండి, అదీ ప్రమాదమే. 88-92 మధ్య నిలిచేలా కొద్దికొద్దిగా తగ్గించండి.

ఇక మీ ప్రశ్న. బైపాప్ కూడా ఒక రకం వెంటిలేటరే, కాకపోతే గొట్టం ఉండదు. బిగుతైన మాస్కు లోంచి, గాలి పీల్చేటప్పుడు ఎక్కువ ఒత్తిడి, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి ఇచ్చి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయేలా చూస్తుంది. గురక జబ్బుకి వాడే సీపాప్‌లో ఒకటే ఒత్తిడి, మీ నాన్నగారి సమస్యకి అది సాధారణంగా సరిపోదు. ఇక మీరు వెంటిలేటర్ అంటున్న రెండో రకంలో నోట్లోంచి శ్వాసనాళంలోకి గొట్టం వేస్తారు, మొదట్లో చాలావరకు మెషీనే ఊపిరి ఇస్తుంది, రోగి కోలుకునే కొద్దీ సాయం తగ్గిస్తూ వస్తారు. రోజులు గడిచినా గొట్టం తీయలేకపోతే మెడ దగ్గర రంధ్రం చేస్తారు, ట్రకియాస్టమీ అంటే అదే. తిరిగి రారన్నది తప్పు, జబ్బు తీవ్రతను బట్టి ఉంటుంది, బయటపడినవాళ్లు బోలెడుమంది.

బైపాప్ త్వరగా మొదలైతే చాలాసార్లు గొట్టం అవసరమే రాదు. స్పృహ తప్పేదాకా ఇంట్లో పెట్టుకుని తెస్తే ఆ మాస్కు పని చేసే అవకాశం తగ్గిపోతుంది. మీలాంటి చదువుకున్నవాళ్లే మెషీన్ ఉంది కదా అని మీటర్ తిప్పేస్తుంటే ఏం చెప్పాలి! రేపు బైపాప్ కూడా అద్దెకు తెచ్చి సొంతంగా సెట్టింగులు పెట్టకండి. నిద్రమాత్రలు, దగ్గు సిరప్‌లు షాపులో అడిగి వేస్తుంటే ఆపేయండి, వాటిలో కొన్ని ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి. బీడీ, సిగరెట్ సంగతి రాయలేదు, ఆక్సిజన్ నడిచే గదిలో అగ్గిపుల్ల గీస్తే మంటలంటుకోవచ్చు.

వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ, వాడుతున్న మందులన్నీ పట్టుకెళ్లి, ఎన్ని లీటర్లు ఎన్ని రోజులుగా పెడుతున్నారో దాచకుండా చెప్పండి.