పందికి ప్రత్యయం, మనిషికి మినహాయింపు

ప్రశ్న: "కురు" వ్యాధి గురించి చదువుతుండగా, ఆ పేరు ఫోరే అనే భాషలోని మాటేనని తెలిసింది. ఆ భాషకు వ్యాకరణం ఎవరైనా రాశారా? మన తెలుగుతో పోల్చదగినది అందులో ఏమైనా ఉన్నదా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పాపువా న్యూగినీలోని ఈస్టర్న్ హైలాండ్స్ ప్రావిన్సులో, ఒకాపా ప్రాంతపు కొండపల్లెలలో సుమారు 20 వేల మంది ఫోరే మాట్లాడతారు. కురు అంటే వణుకు. ఆ వ్యాధిపై పరిశోధించిన గైడుసెక్‌కు 1976లో నోబెల్ బహుమతి రావడంతో ఫోరే జనం పేరు వైద్యగ్రంథాలకెక్కింది. వారి భాషకు మాత్రం అంత పేరు రాలేదు. గ్రాహం స్కాట్ రాసిన ఫోరే వ్యాకరణం 1978లో వెలువడింది.

అందులోని ఒక ఉదాహరణను భాషాశాస్త్రజ్ఞులు పదేపదే ఎత్తి చూపుతారు. "యగా" అంటే పంది, "వా" అంటే మనిషి. "యగా వా అఎగూయె" అన్న వాక్యంలో పందే ముందున్నా, ఏ నామానికీ ప్రత్యయం లేకపోయినా, మనిషి పందిని చంపుతున్నాడనే అర్థం వస్తుంది. జంతువు కంటే మనిషిది పైమెట్టు కనుక, కర్త అతడేనని వేరే చెప్పనక్కరలేదు. పందే మనిషి మీద పడిందనాలంటే "యగావామా వా అఎగూయె" అని పందికి ప్రత్యయం తగిలించాలి. ఇద్దరూ ఒకే మెట్టువారైతే, ముందు వచ్చినవాడే కర్త. (పందులే సంపదగా ఎంచే ఆ కొండసీమలో ఉదాహరణకు పందే దొరకడం వింతేమీ కాదు.)

మనం దెబ్బ తిన్నవారికి "ని" చేరుస్తాము. వారు, అవసరమైనప్పుడు, కొట్టినవారికి గుర్తు పెడతారు. అయినా ప్రాణం ఉన్నదా లేదా అన్న లెక్క తెలుగుకూ ఉన్నది: "పేపరు చదివాను" అంటాము గాని, "మామయ్య చూశాను" అనము, "మామయ్యను" అనే తీరాలి.

ఇంకొక పోలిక క్రియల వరుసది. "వచ్చి, కూర్చుని, తిన్నాడు" అన్నట్లు ఫోరేలోనూ అసమాపక క్రియలు గొలుసుగా సాగి, చివరి క్రియతో వాక్యం ముగుస్తుంది. మన "వచ్చి" సాధారణంగా తన కర్తనే ముందుకు తీసుకుపోతుంది. కర్త మారితే "ఆమె వండగా అతడు తిన్నాడు" అని రూపమే మార్చుకుంటాము. ఫోరే అంతటితో ఆగదు: తరువాతి పని ఎవరు చేయబోతున్నారో ముందటి క్రియకు చేరిన ప్రత్యయమే చెప్పేస్తుంది కనుక, వినేవారికి రాబోయే కర్త ఎవరో వాక్యం మధ్యలోనే తెలిసిపోతుంది.