గావో హోంగ్‌బో నిజంగా మంచి కోచేనా? చాంగ్‌చున్‌లో ఆరేళ్లు ఉన్నవాడి జవాబు

"ఫ్రాన్స్‌ని ఓడించిన చైనా ఫుట్‌బాల్ కోచ్ గావో హోంగ్‌బో ఒకప్పుడు స్ట్రైకర్, అంటే గోల్స్ కొట్టే ఆటగాడు అట. అంత గొప్పవాడైతే జాతీయ జట్టుని రెండుసార్లు ఎందుకు వదలాల్సి వచ్చింది?" అని అడిగారు కదా.

నేను 2006 నుంచి 2012 దాకా చైనాలోని చాంగ్‌చున్‌లో ఎంబీబీఎస్ చదివాను. క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియకుండా పెరిగినవాణ్ణి. కానీ ఆ ఊళ్లో ఉంటూ గావో పేరు చెవిన పడకుండా తప్పించుకోవడం కుదరదు. మా ఊరి జట్టు యాతాయ్ పెద్ద లీగ్‌లోకి వచ్చిందే 2006లో. 2007లో గావో కోచ్‌గా వచ్చారు, ఆ ఏడే చైనీస్ సూపర్ లీగ్ కప్పు కొట్టేశారు. తమాషా ఏంటంటే, ఆయన బీజింగ్‌లో పుట్టి, బీజింగ్ జట్టుకే గోల్స్ కొట్టి పేరు తెచ్చుకున్న మనిషి. ఆ సీజన్‌లో రెండో స్థానంలో మిగిలిపోయింది ఎవరనుకున్నారు? బీజింగ్ గువోఆన్. 55 పాయింట్లకి 54. నవంబరు చలిలో మా హాస్టల్ ఊడ్చే ఆయీ మెడలో జట్టు మఫ్లర్ వేసుకుని వచ్చి, ఫుట్‌బాల్ గొడవే లేని మా తెలుగు బ్యాచ్‌కి కూడా మిఠాయిలు పంచింది.

అందరూ ఫ్రాన్స్ మ్యాచ్ గురించే మాట్లాడతారు. 2010 జూన్ 4న రీయూనియన్ దీవిలో 1-0, డెంగ్ జువోషియాంగ్ ఫ్రీకిక్. గెలుపు గెలుపే, కాదనను. కానీ ఆ ఫ్రాన్స్ ఏ ఫ్రాన్స్? రెండు వారాలు దాటగానే వరల్డ్ కప్‌లో ప్రాక్టీస్ మానేసి బస్సెక్కి కూర్చున్న జట్టు. నన్నడిగితే అసలు మ్యాచ్ అంతకు నాలుగు నెలల ముందు జరిగింది.

2010 ఫిబ్రవరి 10, టోక్యో. చైనా కొత్త సంవత్సరం ఇంకో నాలుగు రోజుల్లో ఉంది, హాస్టల్ ఖాళీ. ఊరికి రావడానికి టికెట్ డబ్బుల్లేక ఉండిపోయిన మేం ముగ్గురం గేటు బయట నూడుల్స్ కొట్లో కూర్చున్నాం. ఆ కొట్టాయన చైనా పౌరుడే, జాతి కొరియన్. జీలిన్ రాష్ట్రంలో అలాంటివాళ్లు చాలామంది. అప్పటిదాకా 32 ఏళ్లలో దక్షిణ కొరియా మీద చైనా సీనియర్ జట్టు ఒక్కసారి కూడా గెలవలేదు. 27 మ్యాచ్‌లు ఆడితే 16 ఓటములు, 11 డ్రాలు. దానికి 'కోంగ్‌హాన్‌జెంగ్', అంటే కొరియా భయం జబ్బు అని పేరే పెట్టుకున్నారు. ఐదో నిమిషంలో యూ హాయ్ గోల్ కొడితే ఎవరూ అరవలేదు, ఎలాగూ పోతుందిలే అన్నట్టు. తర్వాత గావో లిన్ (కోచ్ గావో కాదు, ఆటగాడు) ఇంకొకటి. ఇక డెంగ్ డిఫెండర్లని ఒక్కొక్కరినే తప్పించుకుంటూ వెళ్లి మూడోది కొట్టాక ఆగలేదు కొట్టు. 3-0. కొట్టాయన మాత్రం మా బిల్లులోంచి బీరు డబ్బులు తీసేసి, ఏమీ మాట్లాడకుండా టీవీ వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆయనకి సంతోషమో బాధో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇక మీ 'ఎందుకు' సంగతి. 2011 ఆసియా కప్‌లో కువైట్‌ని ఓడించి, ఖతార్ చేతిలో ఓడి, ఉజ్బెకిస్తాన్‌తో 2-2 ఆడి గ్రూపులోనే ఇంటికొచ్చారు. అది దెబ్బే. కానీ జులైలో వరల్డ్ కప్ క్వాలిఫయింగ్‌లో లావోస్ మీద రెండు మ్యాచ్‌ల్లో 13 గోల్స్ కొట్టించాక, ఆగస్టులో, అంటే తర్వాతి రౌండ్ గుమ్మం ముందు, ఆయన్ని తీసేసి స్పెయిన్ నుంచి కమాచోని తెచ్చారు. ఏం ఒరిగింది? ఆ రౌండే దాటలేదు. 2013లో సొంతగడ్డ మీద థాయ్‌లాండ్ చేతిలో 1-5.

2016లో ఇల్లు కాలుతున్నప్పుడు మళ్లీ గావోనే పిలిచారు. మాల్దీవులని 4-0, షీఆన్‌లో ఖతార్‌ని 2-0 ఓడించి, వేరే గ్రూపుల లెక్కలు కూడా కలిసొచ్చి వరల్డ్ కప్ క్వాలిఫయింగ్ చివరి రౌండుకి చేర్చారు. సరిగ్గా అక్కడే నా అభిమానం కూడా తడబడుతుంది. బంతిని నేల మీద చిన్న చిన్న పాసులతో ఆడించిన మనిషి, సియోల్‌లో దక్షిణ కొరియా మీద ఐదుగురు డిఫెండర్లతో మొదలెట్టారు. మాజీ స్ట్రైకర్ చేయాల్సిన పనేనా? 0-3 అయ్యాక గానీ జట్టు కాళ్లు కదల్లేదు. అప్పుడు యూ హాయ్ ఒకటి, హావో జున్‌మిన్ ఒకటి, 2-3. ఆరేళ్ల కిందట కొరియా మీద మొదటి గోల్ కొట్టింది ఆ యూ హాయే. గావో వచ్చిన కొత్తలో, 2009లో, షాంఘైలో జర్మనీతో 1-1 ఆడినప్పుడు కొట్టింది ఈ హావోనే. తర్వాత ఇరాన్‌తో 0-0, సిరియా చేతిలో 0-1, అక్టోబరు 11న తాష్కెంట్‌లో ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-2. ఆ మ్యాచ్ అయిన వెంటనే ఆయన రాజీనామా ఇచ్చేశారు. అంటే మొదటిసారి తీసేశారు, రెండోసారి తనే తప్పుకున్నారు. ఆయన స్థానంలోకి ఇటలీ కోచ్ లిప్పీ వచ్చారు.

అప్పటికి నేను ఇండియాలో ఉన్నాను. నూడుల్స్ కొట్టాయనకి వీచాట్‌లో స్కోరు పంపితే, తిరిగి ఒక బీరు సీసా బొమ్మ పంపాడు.