ఒకే మ్యాచ్‌తో వచ్చిన ఒలింపిక్ స్వర్ణానికి విలువుందా?

1900 పారిస్ ఒలింపిక్స్‌లో బాస్క్ పెలోటా అనే, బంతిని గోడకు కొట్టి ఆడే ఆటలో ఒక్క మ్యాచ్ ఆడి విజేతలైన స్పెయిన్ జోడీ ఫ్రాన్సిస్కో విల్యోటా, హోసే దె అమెసోలా నిజంగా గొప్ప ఆటగాళ్లేనా అని కదా ప్రశ్న. నన్నడిగితే, నిస్సందేహంగా. బరిలో రెండే జట్లు, జట్టుకు ఇద్దరు. ఎదురుగా ఫ్రాన్స్ తరఫున ద్యుర్కెటీ, ఎచెగరాయ్. మూడో జట్టు రాకపోతే గెలిచినవాళ్లదా తప్పు? స్కోరు రికార్డుల్లో మిగల్లేదు, ఎవరైనా అంకెలు చెబితే నమ్మకండి.

వెక్కిరించేవాళ్లు ముందు బంతిని పట్టి విసరడానికి చేతికి కట్టుకునే బుట్టను చూడాలి. బుట్టతో ఆడే పెలోటా రకం, ఇప్పటి సెస్టా పుంటా సంగతే తీసుకోండి. చెస్ట్‌నట్ కర్ర చట్రానికి సన్నటి బెత్తం అల్లి, వెనక తోలు గ్లవ్ కుడతారు. చెయ్యి దూర్చి పొడవాటి పట్టీతో బిగించి చుడతారు. వదులుగా ఉంటే విసిరేటప్పుడు బుట్ట మణికట్టు దగ్గర తిరిగిపోయి బంతి గోడ అడుగున ఉన్న రేకుకు తగులుతుంది, పాయింటు పోయినట్టే. ఎడమచేతివాటం వాళ్లయినా కుడిచేతికే కట్టుకోవాలి, ఎందుకంటే పక్కగోడ ఎడమవైపే ఉంటుంది.

బంతి 125 నుంచి 140 గ్రాములు, అంటే క్రికెట్ బంతికన్నా కాస్త తేలిక. లోపల రబ్బరు, దానిపై దారం, ఆపైన రెండు పొరల మేకతోలు. తోలు చిట్లుతుంది కాబట్టి ఆట మధ్యలోనే బంతులు మారుస్తారు. 1979లో నమోదైన వేగం గంటకు 302 కిలోమీటర్లు. అంత వేగంతో వచ్చేదాన్ని ఒకసారి నేలకు తగిలేలోపు, లేదా తగిలిన వెంటనే అందుకుని, ఆపకుండా అదే ఊపులో తిరిగి విసరాలి. బుట్టలో ఒక్క క్షణం నిలబెట్టినా ఫౌల్. అన్నిటికన్నా కష్టం వెనకగోడకు కొట్టుకుని వచ్చే బంతి: ముందుగోడకు వీపు పెట్టి అందుకుని, నడుము తిప్పి 54 మీటర్ల కోర్టు అవతలికి పంపాలి. జోడీలో ముందు ఆడేవాడు పాయింటు ముగిస్తాడు, వెనకవాడు ఆట భారం మోస్తాడు. పేరు మాత్రం ముందువాడికే! 1968కి ముందు హెల్మెట్ తప్పనిసరి కూడా కాదు.

ఇంకో చిరాకు ఆ "స్వర్ణం" మాట. 1900లో చాలా పోటీల్లో కప్పులే ఇచ్చారు, స్వర్ణ, రజత, కాంస్యాల వరస 1904లో వచ్చింది. అయినా స్పెయిన్ ఖాతాలో తొలి స్వర్ణంగా దీన్నే లెక్కేస్తారు. ఆ తర్వాత 1924, 1968, 1992 ఒలింపిక్స్‌లో పెలోటాను పిలిచారు గానీ, పతకాల లెక్కకు రాని ప్రదర్శన ఆటగానే.