సైన్సు సందేహాలు: ఈగ రెక్క మీద కన్ను మొలిపించారు కదా, మా బాబుకి ఎందుకు కుదరదు?

ప్రశ్న: నేను ప్రొద్దుటూరులో డిగ్రీ బీజెడ్‌సీ రెండో సంవత్సరం చదువుతున్నా. మా అక్క కొడుక్కి ఐదు నెలలు. కంట్లో పాప చుట్టూ ఉండాల్సిన రంగు పొర లేదు, వెలుతురు పడితే కళ్ళు గట్టిగా మూసేసుకుంటాడు. డాక్టరు అనిరిడియా అన్నారు, పాక్స్6 అనే జీన్‌లో లోపం ఉండొచ్చన్నారు. మా క్లాసులోనేమో అదే జీన్‌తో ఈగ రెక్క మీద, కాలి మీద కళ్ళు మొలిపించారని చెప్పారు. మరి బాబుకి ఆ జీన్ ఎక్కిస్తే సరిపోదా? అక్కడికీ మా అవ్వ, గ్రహణం రోజు అక్క కత్తిపీట పట్టిందని ఒకసారి, మేనరికం చేసినందుకేనని ఒకసారి అంటోంది. అక్క రోజూ ఏడుస్తోంది.

జవాబు: ముందు అక్క దగ్గర కూర్చుని ఇది చెప్పమ్మా. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మేనరికానికీ లేదు. మేనరికంలో భయపడాల్సినవి, తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి ఒకటి వచ్చిన రెండు కాపీలూ చెడితే బయటపడే జబ్బులు. పాక్స్6 అలాంటిది కాదు, ఒక్క కాపీ చెడినా చాలు. అమ్మానాన్నల కళ్ళు బాగానే ఉండి, బిడ్డలో లోపం కొత్తగా పుట్టడం కూడా దాదాపు మూడింట ఒక వంతు కేసుల్లో జరుగుతుంది. అది ఎవరి తప్పూ కాదు.

ఇక ఈగ సంగతి. కళ్ళు లేని, లేదా చాలా చిన్న కళ్ళున్న పండ్ల ఈగల్ని 1915లోనే గుర్తించి ఆ జీన్‌కి ఐలెస్ అని పేరు పెట్టారు. 1994లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వాల్టర్ గేరింగ్ బృందం ఆ జీన్‌ని చదివి చూస్తే, మనుషుల్లో అనిరిడియాకి కారణమైన పాక్స్6కి అది చుట్టమని తేలింది. మరుసటి ఏడాది ఆ జీన్‌ని లార్వాలో, అంటే గుడ్డు నుంచి వచ్చే పురుగు దశలో, రెక్కగా, కాలుగా మారబోయే కణాల్లో పనిచేయించారు, పెద్ద ఈగ బయటికొచ్చేసరికి అక్కడ కళ్ళున్నాయి! ఎలుక పాక్స్6 పెట్టినా వచ్చాయి, అయితే వచ్చింది ఎలుక కన్ను కాదు, ఈగ కన్నే. నీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ఆ జీన్ "ఇక్కడ కన్ను కట్టండి" అని మాత్రమే చెబుతుంది, కట్టే పని మాత్రం ఆ ఈగలో ఉన్న మిగతా జీన్లదే.

ఆ మిగతావాళ్ళలో ముఖ్యమైనవి సైన్ ఓక్యులిస్, ఐస్ ఆబ్సెంట్, డాక్సుండ్. ఐలెస్ మొదటి రెండింటినీ లేపుతుంది, వాటి ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కుని పనిచేస్తూ డాక్సుండ్‌ని లేపుతాయి, మళ్ళీ వెనక్కి తిరిగి ఐలెస్‌నే ఇంకా గట్టిగా నిలబెడతాయి. ఐస్ ఆబ్సెంట్‌నో డాక్సుండ్‌నో వేరేచోట పనిచేయించినా చిన్న చిన్న కళ్ళు వస్తాయి, సైన్ ఓక్యులిస్ తీసేస్తే ఐలెస్ ఎంత ఉన్నా కన్ను రాదు. అందుకే ఐలెస్‌ని "మాస్టర్ జీన్" అనడం నాకు నచ్చదు, పిల్లలకి అలా చెప్పేసి వదిలేస్తే ఒక్క స్విచ్ నొక్కితే కన్ను వస్తుందనుకుంటారు. రెక్క అంతా కూడా కన్ను అయిపోలేదు, సరైన సిగ్నళ్ళు అందే కొన్ని చోట్లే అయింది.

ఆ తర్వాత జరిగేది మన చేలో విత్తనం వేసినట్టే ఉంటుంది. లార్వా చివరి దశలో, కన్ను కాబోయే పలచటి కణాల పొర మీద వెనక అంచు నుంచి ముందుకి ఒక గాడి కదులుతూ పోతుంది. గొర్రు పోయిన వెనకే శనక్కాయలు సాలు పడినట్టు, గాడి దాటిన చోట ఒక్కో వరుస కణాలు కంటి ముక్కలుగా కూడుకుంటాయి. ఎటోనల్ అనే జీన్ ముందు చాలా కణాల్లో పనిచేస్తుంది, కానీ ఒక కణం ముందుకొచ్చాక, నాచ్ అనే సిగ్నల్ ద్వారా పక్కవాటిని ఆపేస్తుంది. అందుకే ఎడం చెడదు. ఆ మొదటి కణమే పక్క కణాల్ని పిలుచుకుని వెలుతురు పసిగట్టే ఎనిమిది కణాల జట్టు కడుతుంది. ఇలాంటి ముక్కలు ఒక్కో కంట్లో 750 నుంచి 800 దాకా ఉంటాయి.

ఇప్పుడు బాబు సంగతి. గర్భంలో కన్ను కట్టే రోజుల్లో జరగాల్సిన పని ఇది, ఆ అదను దాటాక జీన్ పోసినా ఆ వరసంతా మళ్ళీ నడవదు. పైగా మోతాదు ఎక్కువైనా చెరుపే, అదనపు పాక్స్6 కాపీలున్న ఎలుకల్లోనూ కళ్ళు చెడ్డాయి. ఈరోజు ఆసుపత్రిలో ఇచ్చే జీన్ చికిత్స దీనికి లేదమ్మా. ఆ ఆశ పెట్టి డబ్బు అడిగేవాళ్ళు వస్తే నమ్మొద్దు. చేయాల్సినవి మాత్రం ఉన్నాయి, అవి ఆలస్యం చేయొద్దు. జీన్ పరీక్ష చేయించండి. పాక్స్6 పక్కనే డబ్ల్యూటీ1 అనే జీన్ ఉంది, రెండూ కలిసి తెగిపోయి ఉంటే కిడ్నీలో గడ్డ వచ్చే ప్రమాదం ఉంటుంది, అందుకే ఫలితం వచ్చేదాకా కడుపు స్కాన్ ఎప్పుడెప్పుడు తీయించాలో పిల్లల డాక్టర్ని అడగండి. కంటి ప్రెషర్ జీవితాంతం చూపించుకోవాలి, గ్లకోమా (ప్రెషర్‌తో కంటి నరం దెబ్బతినడం), శుక్లం, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మసక, మూడూ వచ్చే వీలుంది. ఎండకి రంగు అద్దాలు, నెత్తిన టోపీ. కడప ఎండ సంగతి నీకు చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మాది అనంతపురం, జ్యూస్ అంగడి. చీనీకాయల తొక్కల మీద ముసిరేవి ఆ ల్యాబ్ ఈగలేనా? మామిడి తోటలో ఎర బుట్టలు కట్టేది కూడా వీటికేనా?

జవాబు: తొక్కల మీద ముసిరే ఆ బుల్లి ఈగలు ఆ కుటుంబానివే అన్నా. పులిసిన పండులోని ఈస్టు కోసం వస్తాయి. మామిడికి పట్టేది వేరే, అది పెద్దది, పక్వానికొచ్చే కాయకే పొడిచి గుడ్లు పెడుతుంది. చలికాలంలో ఒక సీసాలో మగ్గిన అరటిపండు ముక్క వేసి, ఈగలు దూరాక పలచటి గుడ్డ కట్టి పెట్టు. 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి ఈగ దాకా పది రోజులే. కొత్తగా పుట్టినవాటిని భూతద్దంతో చూడు, ఎర్రటి కంటి మీద సాళ్ళు సాళ్ళుగా చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి.