ఫ్యామిలీ మెడిసిన్ సీటు: ఓపీలో గైడు కూర్చుంటారా?

ప్రశ్న: మాది ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడి. మా అమ్మాయి ఆంధ్రాలో ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ పూర్తిచేసింది. తన నీట్ పీజీ ర్యాంకుకి జనరల్ మెడిసిన్ రాదు, డీఎన్‌బీ (జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే పీజీ) ఫ్యామిలీ మెడిసిన్ వచ్చేలా ఉంది. ‘మూడేళ్లు చదివి ఆర్‌ఎంపీలా జ్వరాలకి మందులివ్వడమేనా’ అంటున్నారు చుట్టాలు. చేర్పించమంటారా? తర్వాత ఇక్కడే క్లినిక్ పెట్టుకోవచ్చా?

జవాబు: అమ్మా, ముందు చుట్టాల సంగతి. ఆర్‌ఎంపీకి వైద్య డిగ్రీయే ఉండదు. మీ అమ్మాయికి అది ఇప్పటికే ఉంది, దానిపైన ఇది మూడేళ్ల పీజీ. కమ్యూనిటీ మెడిసిన్‌తోనూ కలిపేయకండి. అది ఊరి ఆరోగ్యం, టీకాలు, సర్వేల చదువు. ఫ్యామిలీ మెడిసిన్ అయితే ఏ జబ్బుతోనైనా తలుపు తోసుకుని లోపలికొచ్చిన మనిషి గురించిన చదువు. ఎయిమ్స్‌లలో రెండు పేర్లూ కలిపి ఒకే విభాగంగా పెట్టడంతో డాక్టర్లే తికమకపడుతుంటారు. డీఎన్‌బీ ఇచ్చే బోర్డే 2020లో రెండేళ్ల ఫ్యామిలీ మెడిసిన్ డిప్లొమా కూడా తెచ్చింది. ర్యాంకు ఇంకా వెనక ఉంటే అదీ చూడొచ్చు. దూరవిద్య డిప్లొమాలు చదువుకోవడానికి బాగుంటాయి గానీ, మెడికల్ కౌన్సిల్‌లో అదనపు అర్హతగా నమోదు కావు.

చేర్పించండి. అయితే ఏ ఆస్పత్రి అన్నది చూసుకునే చేర్పించండి, ఎందుకంటే ఈ కోర్సు చెడేది అక్కడే. మెడిసిన్, పిల్లలు, కాన్పులు, సర్జరీ, ఎముకలు, చర్మం, మానసికం, కన్ను, చెవి అంటూ అన్ని విభాగాల్లోనూ తిప్పాలి. పెద్ద ప్రైవేటు ఆస్పత్రికి రోగులు ఎక్కువగా ఎక్కడో చూపించుకుని, జబ్బు పేరు తేలాకే వస్తారు. ‘నీరసం, ఒంట్లో బాగోలేదు’ అంటూ మొదటిసారి వచ్చేవాళ్లు తక్కువ. పైగా ఐసీయూకో క్యాజువాల్టీకో డ్యూటీ డాక్టరు చాలకపోతే ఫ్యామిలీ మెడిసిన్ పీజీనే అక్కడికి తోస్తారు, అన్ని విభాగాలకూ చెందిన మనిషి ఏ విభాగానికీ చెందడు కాబట్టి! మూడేళ్లూ నైట్ డ్యూటీలతో గడిస్తే వెంటిలేటర్ వస్తుంది, ఓపీ రాదు.

గైడు, అంటే పీజీకి పని నేర్పే సీనియర్ డాక్టరు, ఓపీలో పక్కన ఉంటే ఏం తేడా అంటారా? ఇచ్ఛాపురం వైపు నుంచి యాభై ఏళ్ల కొబ్బరి రైతు మోకాళ్ల నొప్పులతో వచ్చాడనుకోండి. సూది వేయమంటాడు. కొత్త డాక్టరు డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు రాసేస్తుంది. గైడు అక్కడే ఉంటే, ‘ఊరేదో అడిగావా? బీపీ చూశావా? ఇప్పటికే ఎన్ని నెలలుగా నొప్పి బిళ్లలు వాడుతున్నాడు?’ అంటారు. ఊరు ఉద్దానం ప్రాంతంలోది. అక్కడ చాలామందికి వచ్చే కిడ్నీ జబ్బుకి కారణం ఇంకా తేలలేదు గానీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా నొప్పి మందు రాయకూడదని అప్పుడు తెలుస్తుంది. సాయంత్రం కేసు షీటు చూసి సంతకం పెట్టే గైడుకి ఇది దొరకదు, అడగని ప్రశ్న షీటులో ఉండదుగా. బ్రిటన్‌లో జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టరు) శిక్షణలో ట్రైనీ రోగితో మాట్లాడేటప్పుడు సీనియర్ పక్కన కూర్చుని గానీ, రోగి అనుమతితో తీసిన వీడియో చూసి గానీ తప్పులు దిద్దుతారు. మన దగ్గర అది గైడు ఓపిక మీద ఆధారపడి ఉంది.

అందుకే ఎంసీసీ (సీట్లు కేటాయించే కేంద్ర కమిటీ) కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే ముందు, ఆ ఆస్పత్రిలో రెండో ఏడాది చదువుతున్న పీజీకి ఫోను చేయమనండి. మేనేజ్‌మెంటుకి కాదు. వారంలో ఎన్ని రోజులు ఫ్యామిలీ మెడిసిన్ ఓపీ ఉంటుంది? గైడు ఆ గదిలోనే ఉంటారా, ఫోనులోనా? పోయిన నెలలో నైట్లు ఎన్ని చేశారు? కాన్పులు చేయనిస్తారా, చూడనిస్తారా? స్టైపెండ్ నెలనెలా పడుతోందా? ‘గైడు చాలా మంచివారండీ’ అని ఊరుకుంటే గైడు ఓపీకి రారనే నేను అర్థం చేసుకుంటాను. నచ్చకపోతే మధ్యలో మానేసి మళ్లీ రాద్దాం అనుకోవద్దు. సీటు వదిలితే మళ్లీ డీఎన్‌బీలో చేరడానికి ఆంక్షలుంటాయి, ఆ నిబంధన చేరకముందే చదవాలి.

చేరాక లాగ్‌బుక్ (చేసిన పనుల నమోదు పుస్తకం) ఏ రోజుది ఆ రోజే రాసి, వారానికోసారి సంతకం పెట్టించుకోవాలి. చివర్లో ఒక్కసారిగా నింపిన లాగ్‌బుక్ సిరా రంగు చూస్తేనే తెలిసిపోతుంది. థీసిస్‌కి బీపీ, షుగరు లాంటి రోజూ దొరికే రోగులున్న అంశమే మేలు. అరుదైన జబ్బు తీసుకుంటే కేసుల కోసం ఎదురుచూడటంతోనే ఏళ్లు గడుస్తాయి. మధ్యలో జరిగే ఫార్మేటివ్ పరీక్షని తేలిగ్గా తీసుకోకూడదు. ఫైనల్ థియరీ నాలుగు పేపర్లు, ఒక్కోటి 100 మార్కులు. ఆ తర్వాత ప్రాక్టికల్స్. సెలవులు ఏడాదికి 30 రోజులే, పెళ్లి ముహూర్తాలు పెట్టేటప్పుడు అదీ గుర్తుంచుకోండి.

ఇక పర్లాకిమిడిలో క్లినిక్. నిక్షేపంగా పెట్టుకోవచ్చు. ఆమె పేరు ఆంధ్రా కౌన్సిల్‌లో ఉంటుంది కాబట్టి అక్కడ ఎన్‌ఓసీ తీసుకుని, ఒడిశా కౌన్సిల్ ఆఫ్ మెడికల్ రిజిస్ట్రేషన్‌లో ఎంబీబీఎస్, డీఎన్‌బీ రెండూ నమోదు చేయించాలి. అది పూర్తికాకుండా బోర్డు వేలాడదీయవద్దు. ఒడిశా సర్కారు ఉద్యోగం మీదా ఆశ ఉంటే, మిడిల్ స్కూల్ స్థాయి ఒడియా పాసైనట్టు కాగితం అడుగుతారు. పదో తరగతి దాకా ఒడియా లేకుండా చదివి ఉంటే ఆ పరీక్ష పీజీలో చేరకముందే రాసేయమనండి. ఎలాగూ కొండ మీంచి దిగొచ్చే సవర ముసలమ్మతో తెలుగొక్కటే పెట్టుకుని మాట్లాడటం కుదరదు.