హీట్ మధ్యలో ఆగిపోతుంటే: మేనకోడలికి ఉత్తరం

చి. అమ్మాయికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ విన్నాను. ఇంటిని వేడిచేసే గ్యాస్ ఫర్నెస్ మొదలవుతోంది, కాసేపటికే ఆగిపోతోంది, మళ్లీ మొదలవుతోంది, ఇల్లు మాత్రం 64 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం లేదు. వచ్చిన టెక్నీషియన్ పైపైన చూసి, మొత్తం మార్చేయాలంటూ ఎస్టిమేట్ చేతిలో పెట్టి వెళ్లాడు. అల్లుడు గారేమో కొత్త థర్మోస్టాట్, అదే ఇంటి వేడిని చూసి ఫర్నెస్‌ని ఆన్, ఆఫ్ చేసే గోడ మీటర్, ఆర్డర్ చేస్తానంటున్నారు. ఈ రెండూ ఇప్పుడే వద్దు. మిన్నెసోటా జనవరిలో హీట్ లేకపోతే ఎంత టెన్షనో నాకు తెలియక కాదు. ఇక్కడ మిషిగన్‌లో ఫ్యాక్టరీ బాయిలర్లు, హీటర్ల దగ్గరే నా ఉద్యోగమంతా గడిచింది. అందుకే చెప్తున్నాను, ఫర్నెస్ ఊరికే ఆగిపోదు. లోపల ఏదో ఒక భాగం దాన్ని కావాలనే ఆపుతుంది. ఏది ఆపుతోందో తెలియకుండా ఏ భాగం మార్చినా డబ్బు దండగ.

అన్నిటికంటే ముందు కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారాలు పనిచేస్తున్నాయో లేదో చూసుకో. మీ రాష్ట్రంలో ప్రతి పడకగదికీ పది అడుగుల లోపు ఒకటి ఉండాలని చట్టమే ఉంది. కొన్న ఇల్లు కాబట్టి పాత అలారాలు ఉండవచ్చు, వెనకాల తేదీ చూడు. అలారం మోగినా, ఇంట్లో ఉన్నప్పుడు అందరికీ తలనొప్పి, వికారం వచ్చి బయటికెళ్తే తగ్గుతున్నా, పిల్లల్ని తీసుకుని బయటికెళ్లి 911కి ఫోన్ చెయ్యి. గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికెళ్లి, అక్కడి నుంచే గ్యాస్ కంపెనీకి చెప్పు. ఈ రెండిట్లో ఏది జరిగినా ఇంట్లో రిపేర్ల ఆలోచన పెట్టుకోవద్దు.

అలాంటిదేమీ లేకపోతే బేస్‌మెంట్‌లో ఫర్నెస్ ముందు కుర్చీ వేసుకుని కూర్చో. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకో. పైన థర్మోస్టాట్ దగ్గర అల్లుడు గారిని నిలబెట్టు. ఫర్నెస్ పై తలుపుకి చిన్న గాజు కన్ను ఉంటుంది, అందులోంచి మంట కనబడుతుంది. కింది తలుపు తీస్తే ఫర్నెస్ ఆగిపోతుంది, దాని వెనక స్విచ్ ఉంటుంది. ఆ స్విచ్‌కి టేప్ వేసి నడిపించమని ఎవరైనా చెప్పినా వినకు.

సవ్యంగా ఉంటే జరిగే వరస ఇది. థర్మోస్టాట్ హీట్ అడుగుతుంది. ముందు చిన్న ఫ్యాన్ తిరుగుతుంది, దాన్ని ఇండ్యూసర్ అంటారు, పొగని బయటికి లాగడం దాని పని. గాలి సరిగా లాగుతోందని ప్రెషర్ స్విచ్ ఒప్పుకుంటే ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది. గ్యాస్ వాల్వ్ తెరుచుకుని మంట అంటుకుంటుంది. మంట ఉందని ఫ్లేమ్ సెన్సర్ చెప్పాలి. ఇంకో అరనిమిషానికో, కాస్త అటూ ఇటుగానో గాలిని తోసే పెద్ద ఫ్యాన్, అంటే బ్లోయర్, మొదలై గదుల్లోని వెంట్లలోంచి (గాలి వచ్చే జాలీల్లోంచి) వేడి గాలి వస్తుంది. ఇల్లు చాలినంత వేడెక్కాక మంట ఆరిపోతుంది, బ్లోయర్ మాత్రం ఇంకొంచెం సేపు తిరిగి మిగిలిన వేడిని పైకి తోస్తుంది.

ఆగిన క్షణంలో అల్లుడు గారిని అడగాల్సింది ఒక్కటే: థర్మోస్టాట్ తెర మీద హీట్ ఇంకా ఆన్‌లో ఉందా, లేదా? ఆఫ్ అని ఉంటే ఆపింది థర్మోస్టాటే. ఇంకా అడుగుతూనే ఉన్నా కింద మంట ఆరిపోయిందంటే, ఫర్నెస్ తన సొంత రక్షణ కోసం ఆపుకుంది. మీ ఇంట్లో 70 పెట్టినా 64 దగ్గరే ఉంటోందన్నావు కాబట్టి నా అనుమానం రెండోదాని మీదే.

మంట వెలిగిన కొన్ని సెకన్లకే ఆరిపోయి, మళ్లీ వెలిగి మళ్లీ ఆరిపోతుంటే అది దాదాపు ఎప్పుడూ ఫ్లేమ్ సెన్సరే. మంట గుండా కరెంట్ పోతుంది, నమ్మబుద్ధి కాదు గానీ నిజం. సెన్సర్ కడ్డీ నుంచి మంటలోకి వెళ్లే ఆ కరెంట్ మైక్రో ఆంపియర్లలో ఉంటుంది, అంటే ఆంపియర్‌లో పది లక్షలో వంతు. కడ్డీకి సన్నటి పొర పట్టిందంటే ఆ కాస్త కరెంటూ పోదు. కళ్లెదుట మంట మండుతున్నా ఫర్నెస్‌ని నడిపే కంట్రోల్ బోర్డుకి మాత్రం మంట లేనట్టే, వెంటనే గ్యాస్ కట్టేస్తుంది. మండని గ్యాస్ ఇంట్లో నిండకుండా చేసే ఏర్పాటు ఇది. కొన్ని ప్రయత్నాల తర్వాత బోర్డు లాకౌట్‌లోకి వెళ్తుంది, అంటే ఇక వెలిగించకుండా ఆగిపోతుంది, చాలా ఫర్నెస్‌లలో గంట తర్వాత మళ్లీ తానే మొదలవుతుంది. "గంటకోసారి పనిచేస్తోంది" అని జనం చెప్పేది ఇదే.

దీన్ని నువ్వే శుభ్రం చేసుకోవచ్చు. ఫర్నెస్ పక్కనున్న స్విచ్, బ్రేకర్ రెండూ ఆపి, అంతా చల్లారనివ్వు. బర్నర్ల చివర ఒకే వైరు, ఒకే స్క్రూ, తెల్ల పింగాణీ మొదలు, సన్నటి ఇనప కడ్డీ ఉంటుంది. పింగాణీ సులువుగా పగులుతుంది, మెల్లగా తియ్యి. కడ్డీని సన్న రకం స్టీల్ ఊల్‌తో మెరిసేదాకా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, తిరిగి బిగించు. గరుకు శాండ్ పేపర్ వద్దు. ఇంకో చివర ఇగ్నైటర్ ఉంటుంది, దాన్ని వేలితో కూడా ముట్టుకోవద్దు. శుభ్రం చేశాక కూడా అదే వరస అయితే ఎర్త్ కనెక్షన్ వదులయ్యి ఉండాలి, లేదా సెన్సర్ పోయి ఉండాలి. సెన్సర్ పెద్ద ఖరీదేం కాదు.

ఇక మంట మూడు నాలుగు నిమిషాలు బాగా మండి ఆరిపోయి, బ్లోయర్ మాత్రం తిరుగుతూనే ఉంటే ఆపింది లిమిట్ స్విచ్. నీ మాటల్ని బట్టి మీ ఇంట్లో జరుగుతున్నది ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఫర్నెస్ లోపల వేడి మితిమీరితే ఈ స్విచ్ గ్యాస్ ఆపుతుంది, చల్లారాక మళ్లీ వెలగనిస్తుంది. చిత్రమేమిటంటే, ఇల్లు చల్లగా ఉన్నప్పుడే ఫర్నెస్ లోపల మరీ వేడిగా ఉంటుంది. పుట్టిన వేడిని మోసుకుపోయే గాలి చాలడం లేదన్నమాట.

గాలి ఎందుకు చాలదు? ముందు ఫర్నెస్‌లోకి వెళ్లే గాలిని వడకట్టే ఫిల్టర్ తీసి వెలుతురుకి పట్టుకుని చూడు. మన ఇళ్లలో ఫిల్టర్లు ప్యాకెట్ మీద రాసినన్ని నెలలు ఉండవు. రోజూ తాలింపులు, వేపుళ్లు, పొద్దున్నే అగరుబత్తి, పండగలకి సాంబ్రాణి. ఆ జిడ్డూ పొగా అంతా అక్కడే చేరుతుంది. ఒక అంగుళం మందం ఫిల్టర్ అయితే చలికాలంలో నెలకోసారి తీసి చూడు. దుమ్ము అసలు రాకూడదని ఒక అంగుళంలోనే మెర్వ్ 13 (ఈ అంకె పెరిగేకొద్దీ ఫిల్టర్ దట్టం) లాంటి దట్టమైన ఫిల్టర్ కొన్నారేమో కూడా చూడు, కొన్ని ఇళ్లలో బ్లోయర్ దాన్ని ఈడ్చలేదు. మెర్వ్ 8 పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. ఫిల్టర్ అంచు మీద బాణం గుర్తు ఫర్నెస్ వైపు ఉండాలి.

తర్వాత ఇల్లంతా తిరుగు. మీ వీడియోలో ఫ్యామిలీ రూమ్ పెద్ద రిటర్న్ జాలీకి ఆనించి పూజ అల్మారా కనబడింది. దాన్ని జరపండి, దేవుడేమీ అనుకోడు. ఫర్నెస్ గాలి పీల్చుకునేది ఆ జాలీలోంచే. వాడని గదుల వెంట్లు మూసేస్తే గ్యాస్ ఆదా అవుతుందనుకుంటారు చాలామంది, ఆదా కాదు సరికదా, ఉన్న గాలికీ దారి తగ్గుతుంది. అన్నీ తెరువు. నేల వెంట్ల మీద కార్పెట్లు, సోఫాలు ఉంటే తీయించు. ఇవన్నీ చేశాక కూడా ఆగుతుంటే బ్లోయర్ చక్రానికి మట్టి పట్టి ఉండవచ్చు, ఫర్నెస్ పైనున్న ఏసీ కాయిల్ మూసుకుపోయి ఉండవచ్చు, మోటార్ కెపాసిటర్ బలహీనపడి ఉండవచ్చు. అవి నీ పని కాదు, మనిషిని పిలవాలి.

పిలిచే ముందు ఒక కొలత తీసి పెట్టుకో. కిచెన్ థర్మామీటర్‌తో రిటర్న్ గాలి వేడిని, ఫర్నెస్‌కి దగ్గరి వెంట్‌లో వచ్చే గాలి వేడిని చూడు. లోపలికి 65, బయటికి 120 అనుకో, తేడా 55. ఫర్నెస్ నేమ్‌ప్లేట్ మీద ఎంత తేడా ఉండొచ్చో రాసి ఉంటుంది, 35 నుంచి 65 అన్నట్టు. నీ తేడా దాన్ని దాటిందంటే గాలి చాలడం లేదని రుజువు దొరికినట్టే. ఈ అంకె చెప్పగలిగిన కస్టమర్‌తో టెక్నీషియన్లు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

లిమిట్ స్విచ్‌నే తీసేసి, వైరు కలిపేసి నడిపిస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. కుక్కర్ సేఫ్టీ వాల్వ్ ఊరికే ఊడుతోందని ఆ కన్నానికి సీసం పోసి మూస్తామా? వేడి అలా మితిమీరుతూ పోతే మంట వేడిని గాలికి అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ పగులుతుంది, ఆ పగుల్లోంచి కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వచ్చే ప్రమాదం ఉంది. రోలౌట్ స్విచ్ అని ఇంకొకటి ఉంటుంది, దాని మీద చిన్న బటన్. అది పడిపోయి ఉంటే మంట ఉండాల్సిన చోటు దాటి బయటికొచ్చిందని అర్థం. నొక్కి మళ్లీ నడిపించొద్దు, ఆ రోజు ఫర్నెస్ ఆపేసి మనిషిని పిలవాల్సిందే.

మీది తెల్ల ప్లాస్టిక్ పైపులున్న హై ఎఫిషియెన్సీ రకం లాగుంది కాబట్టి ఇంకో మాట. ఆ పైపులు బయట గోడలోంచి వచ్చే చోటికి వెళ్లి చూడు. గాలికి కొట్టుకొచ్చిన మంచు మూసేసినా, పొగలోని తేమ గడ్డకట్టి మూతి సన్నబడినా ప్రెషర్ స్విచ్ ఒప్పుకోదు. చేత్తో తీసెయ్యి. ఆ రకం ఫర్నెస్ నీళ్లు కూడా వదుల్తుంది. డ్రెయిన్ గొట్టం, ట్రాప్ మూసుకుపోతే లోపల నీళ్లు నిలిచి గుడగుడమని శబ్దం వస్తుంది, కాసేపటికి ఆగిపోతుంది.

ఇవన్నీ ఊహించే అవసరం లేకుండా బోర్డే చెప్తుంది. కింది తలుపు మీది చిన్న గాజులోంచి ఒక లైటు మిణుకు మిణుకుమంటూ కనబడుతుంది, ఎన్నిసార్లు వెలిగి ఆగుతోందో వీడియో తియ్యి. ఆ లెక్కకి అర్థం తలుపు లోపలి వైపు అంటించిన కాగితం మీద ఉంటుంది. కరెంట్ ఆపకముందే ఆ వీడియో తియ్యి, కొన్ని బోర్డులు ఆపగానే పాత కోడ్ మర్చిపోతాయి.

ఒకవేళ ఆపింది థర్మోస్టాటే అయితే సంగతి చిన్నదే. దాని మీద ఎండ పడుతోందా, కింద వెంట్ ఉందా, పక్కనే టీవీ ఉందా చూడండి, బ్యాటరీలు మార్చండి. సెట్టింగుల్లో గంటకు ఎన్ని సైకిళ్లు (ఎన్నిసార్లు వెలిగి ఆగాలి) అని ఉంటే, మీ రకం ఫర్నెస్‌కి సాధారణంగా 3 పెడతారు.

కొత్త ఫర్నెస్ విషయం. ఇంటికి మించిన సైజు పెట్టి ఉంటే అది కూడా త్వరత్వరగా ఆగుతుంది, కానీ ఇల్లు గబగబా వేడెక్కి ఆగుతుంది. మీకు ఇల్లు వేడెక్కడమే లేదు కదా. నిజంగా మార్చాల్సి వచ్చినా, పాతదాని మీది బీటీయూ (ఎంత వేడి ఇస్తుందో చెప్పే అంకె) చూసి అదే సైజు రాసిచ్చేవాణ్ణి నమ్మకు. మీ ఇంటికి ఎంత వేడి కావాలో తేల్చే మాన్యువల్ జె లెక్క వేసి చూపించమను. హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలిందని చెప్తే మాత్రం తేలిగ్గా తీసుకోకు, ఫొటో చూపించమను, అప్పటిదాకా నడపకు, ఇంకో మనిషితో చూపించు.

ఈలోగా రాత్రుళ్లు స్పేస్ హీటర్ వాడితే నేరుగా గోడ ప్లగ్‌లో పెట్టు, ఎక్స్‌టెన్షన్ తీగతో వద్దు. వేడి కోసం స్టవ్ వెలిగించి వదలడం, బొగ్గుల కుంపటి లోపల పెట్టడం అసలు చెయ్యొద్దు. ఇల్లు 55 కంటే దిగితే బయటి గోడల వైపున్న సింకుల కింద అల్మారా తలుపులు తెరిచి, కుళాయి సన్నగా కారనివ్వు.

ఫిల్టర్ ఫొటో, మిణుకుల వీడియో, నేమ్‌ప్లేట్ ఫొటో, మంట వెలిగినప్పటి నుంచి ఆరేదాకా ఎంతసేపయిందో ఆ లెక్క, ఈ నాలుగూ వాట్సాప్‌లో పెట్టు. నీకు రాత్రయినా ఫర్వాలేదు, అత్తయ్య పడుకున్నాక నేను మేలుకునే ఉంటాను.

ఇట్లు,
పెద్ద మావయ్య