ఆ రెండు చరణాలు ఎవరివి?

చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. వాషర్‌మన్‌పేట మేడ మీద, ఆరేసిన చీరల నడుమ కూర్చుని ఆ ముసలమ్మ జోల పాడే చోట కళ్లు చెమర్చాయి. ఆమె పాటను ఫోనులో పట్టుకుని, కొన్ని మాటలు మార్చి కథలో పెట్టానని, అది తప్పా అని అడిగావు.

తీసుకోవడం తప్పు కాదమ్మా. శ్రీనాథుడు శ్రీహర్షుడి సంస్కృత నైషధ కావ్యాన్ని తెలుగు చేసి, చివర ఆయన్ను భట్టహర్ష మహాకవి అంటూ పేరు చెప్పాడు. తాను చేసిన పనీ చెప్పాడు: శబ్దాన్ని అనుసరించానన్నాడు, అభిప్రాయం గుర్తించానన్నాడు, రసాన్ని పోషించానన్నాడు, అనౌచిత్యాన్ని పరిహరించానన్నాడు. ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగు. మూలంలో కొంత వదిలేశానని ఒప్పుకుంటున్నాడు. తన కవిత్వం మీద అంత గర్వం ఉన్న మనిషికి అది చిన్నతనం అనిపించలేదు.

మన ఊరి సంగతే చూడు. ఇక్కడి మణలిలో ఉన్న రోజుల్లో వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులు సెయింట్ జార్జ్ కోటలో ఈస్టిండియా కంపెనీ బ్యాండు విని, ఆ వరుసలకు సంస్కృత సాహిత్యం కట్టారు. 'సంతతం పాహిమాం' వింటే ఇంగ్లండు రాజగీతం గుర్తుకొస్తుంది. వాటిని ఇప్పటికీ, ఇంగ్లీషు 'నోట్' మాటతోనే, నోటుస్వరాలనే అంటాం. ఎక్కడి నుంచి వచ్చాయో పేరే చెబుతుంది.

నీ ముసలమ్మ సంగతి వేరు. శ్రీహర్షుణ్ణి లోకం ఎరుగును. ఈమెకు నువ్వు తప్ప సాక్షి లేరు. 1957 నాటి కాపీరైట్ చట్టం రచయిత పోయాక కూడా 60 ఏళ్లు హక్కును కాపాడుతుంది. కాని రచయిత ఎవరో ఎవరూ చెప్పకపోతే ఆ హక్కు ఎవరికోసం నిలబడుతుంది?

నీ వయసులో నేను ఆ తప్పు చేశాను. మైలాపూరు మాడవీధిలో పూలు కట్టే ఒక నెల్లూరు ఆవిడ దగ్గర జోలపాట రాసుకున్నాను. కథలో వాడి, కింద 'జానపద గేయం' అని వేశాను. సంతోషిస్తుందని పత్రిక పట్టుకెళ్లి చదివి వినిపించాను. అరటినారకు మల్లెలు ముడివేస్తున్న వేళ్లు ఆగిపోయాయి.

"మొదటి చరణం మా అమ్మమ్మది. తక్కిన రెండూ నా బిడ్డ పోయినప్పుడు నేను కట్టుకున్నవి. ఎవరిదీ కాదని రాశావేం నాయనా?" అంది.

నాకు మాట రాలేదు. ఎవరో వచ్చి రెండు మూరలు అడిగితే మోచేతి దాకా కొలిచి ఇచ్చింది. ఆ కథ పుస్తకంలోకి ఎక్కినప్పుడు ఆమె పేరు వేయించాను. ఆ ప్రతి తీసుకుని వెళితే ఆ చోట కొబ్బరికాయల బండి ఉంది. ఆమె ఎటు వెళ్లిందో వీధిలో ఎవరూ చెప్పలేకపోయారు.

నీకింకా వ్యవధి ఉంది. కథ అచ్చుకు పంపకు. ఈ ఆదివారం ఆ మేడ ఎక్కి, నువ్వు మార్చిన పాట ఆమెకు చదివి వినిపించు. ఏ మాట ఎందుకు మార్చావో చెప్పు. ఏ చరణం ఎవరు కట్టారో అడిగి రాసుకో. పేరు వేయమంటే వెయ్యి, వద్దంటే మానెయ్యి. పారితోషికంలో ఆమె వాటా సంగతి అప్పుడే మాట్లాడు, మొహమాటపడకు. పాటే వద్దంటే, కథ కుంటుపడినా సరే, తీసెయ్యి.

వెళ్లి వచ్చాక వెంటనే ఉత్తరం రాయి. ఆమె ఏమందో తెలుసుకోవాలని ఉంది.